బరోక్ ధ్వనిముద్రణలకు గ్రామఫోన్ పురస్కారాలు: పాఠనిర్ణయ దృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం:

లండన్ కేంద్రంగా వెలువడే ‘గ్రామఫోన్’ పత్రిక 1977 నుంచి ఏటా పాశ్చాత్య శాస్త్రీయ సంగీత ధ్వనిముద్రణలకు పురస్కారాలు ప్రకటిస్తోంది. వాటిలో బరోక్ యుగ సంగీతానికి సంబంధించిన మూడు నిర్ణయాలను (2005, 2007, 2012) ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బరోక్ స్వరప్రతి స్వభావరీత్యా అసంపూర్ణం. కాబట్టి దాన్ని పాడి, వాయించి ముద్రించే ప్రతి బృందమూ పాఠపరిష్కర్త బాధ్యతను కూడా మోస్తుంది. అందువల్ల ఇటువంటి పురస్కారం ప్రదర్శన నైపుణ్యానికి మెప్పుగా కనిపిస్తూనే, అనేక పాఠాలలో ఒకదాన్ని ప్రామాణికం చేస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తొలి పాఠమే అసలు పాఠమన్న భావన 2007 నాటి నిర్ణయం విషయంలో ఎంతవరకు నిలుస్తుందో ప్రత్యేకంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: బరోక్ సంగీతం, ధ్వనిముద్రణ, పురస్కారం, పాఠాంతరం, పాఠపరిష్కరణ, హాండెల్, షూట్స్, బాఖ్.

ప్రవేశిక:

2007లో గ్రామఫోన్ పత్రిక బరోక్ గాత్రసంగీత విభాగంలో తన పురస్కారాన్ని జార్జ్ ఫ్రెడరిక్ హాండెల్ కృతి ‘మెస్సయా’ ధ్వనిముద్రణకు ప్రకటించింది. తెలుగు బైబిలు పాఠకులు మెస్సీయ అని పిలిచే రక్షకుని గురించిన ఒరటోరియో ఇది. ఒరటోరియో అంటే రంగాలంకరణ, అభినయం లేకుండా ఒక కథనో మతవస్తువునో గాయకులు, వాద్యబృందం కలిసి వినిపించే ప్రక్రియ. ముద్రించినది స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోకు చెందిన డనీడిన్ కన్సర్ట్ బృందం. నిర్వాహకుడు జాన్ బట్. విడుదల చేసినది లిన్ రికార్డ్స్ సంస్థ.

అప్పటికి ఆ కృతి తొలిసారి వినిపించి 265 ఏళ్లయింది. స్వరకర్త 1759లోనే కన్నుమూశాడు. బైబిలు వాక్యాలను ఏర్చి కూర్చి ఆయనకు సాహిత్యం అందించిన చార్ల్స్ జెన్నెన్స్ కూడా 18వ శతాబ్దం వాడే. ఆ కృతికి అప్పటికే ఎన్నో ధ్వనిముద్రణలు ఉన్నాయి. వాటిలో కొన్ని తరాల తరబడి శ్రోతల ఇళ్లలో మోగినవి. ఇన్ని ఉండగా మరొక ధ్వనిముద్రణకు దక్కిన గౌరవం దేనికి దక్కినట్టు? కృతికా? గొంతులకా? ధ్వనిని పట్టిన సాంకేతికులకా? ఆ డిస్కు జిల్దు మీద ముద్రించిన ‘డబ్లిన్ పాఠం, 1742’ అన్న మాటకా?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టుకొని ఏ పాఠం స్వీకార్యమో తేల్చవలసివచ్చిన తెలుగు పరిశోధకులకు మాత్రం అది చిన్న ప్రశ్న కాదు.

పత్రిక, పురస్కారం:

గ్రామఫోన్ పత్రికను 1923లో నవలాకారుడు కాంప్టన్ మెకంజీ స్థాపించాడు. డిస్కు కొనదలచిన గృహస్థుకు ఏది కొనాలో చెప్పడం తొలినాటి సమీక్షల ప్రధాన ప్రయోజనం. 1977లో మొదలైన వార్షిక పురస్కారాలు ఆ సలహాకే పెద్ద వేదికను కల్పించాయి. విభాగాల పేర్లు కాలక్రమంలో మారుతూ వచ్చాయి. ప్రాచీన సంగీతం, బరోక్ గాత్రం, బరోక్ వాద్యం అన్న విభజన కొంతకాలం నడిచింది. ఒక్కొక్క విభాగంలో ఆ రంగం తెలిసిన విమర్శకులు విజేతను ఎంచుతారు. విభాగ విజేతల నుంచి ఆ ఏటి మేటి ధ్వనిముద్రణను ఎంపిక చేస్తారు.

ఇక్కడొక ఇబ్బంది ఉంది. రికార్డు సంస్థల వాణిజ్య ప్రకటనలు అచ్చయ్యే పత్రికే ఆ సంస్థల సరుకుకు యోగ్యతాపత్రం కూడా ఇస్తుంది. దీన్ని దాచవలసిన అవసరం లేదు. అతిగా పట్టించుకోవలసిన అవసరమూ లేదు. చర్చకు తీసుకున్న మూడు నిర్ణయాలలోనూ గెలిచినవి చిన్న సంస్థలే కావడం ఆ అనుమానాన్ని కొంత తగ్గిస్తుంది. పండితుల తీర్పుకు ఎక్కువ చోటిచ్చే పురస్కారాలూ లేకపోలేదు. హాండెల్ ధ్వనిముద్రణలకు మాత్రమే పరిమితమై 2002లో ఏర్పడిన బహుమతి తరువాత స్టాన్లీ శాడీ పేరిట కొనసాగింది. 1980లో 20 సంపుటాలుగా వెలువడిన ‘న్యూ గ్రోవ్’ సంగీత నిఘంటువుకు సంపాదకుడైన పండితుడాయన. ఆయన గ్రామఫోన్ పత్రికకు సమీక్షలు కూడా రాశాడు. విమర్శకుడు, పరిశోధకుడు, పరిష్కర్త అనే మూడు పాత్రలు ఒకే మనిషిలో కలవడం ఈ రంగంలో అసాధారణం కాదు. పురస్కారం వెనుక ఉన్న విలువలను అర్థం చేసుకోవడానికి ఈ కలయికే తాళంచెవి.

స్వరప్రతిలో లేనిది:

సంగీత చరిత్రకారులు స్థూలంగా 1600 నుంచి 1750 వరకు ఉన్న కాలాన్ని బరోక్ యుగంగా వ్యవహరిస్తారు. మోంటెవెర్డి ‘ఓర్ఫెయో’ (1607) దాని ఆరంభానికి, బాఖ్ మరణం (1750) దాని ముగింపుకు గుర్తులు. వంకర ముత్యమనే అర్థమున్న పోర్చుగీసు మాట నుంచి ఈ పేరు వచ్చిందని చెబుతారు. మొదట్లో అది నిందావాచకమే.

ఈ యుగపు స్వరప్రతి 19వ శతాబ్దపు స్వరప్రతి వంటిది కాదు. హార్ప్సికార్డ్ లేదా ఆర్గన్ వాయించేవాడి ముందు ఉండేది చాలాచోట్ల ఒకే ఒక మంద్రస్వరాల వరుస, వాటికి తోడు కొన్ని అంకెలు. ఆ అంకెలను బట్టి కుడిచేతి స్వరసముదాయాలను అతడే అప్పటికప్పుడు కల్పించుకోవాలి. ఆరియాలో మొదటి భాగం తిరిగి వచ్చినప్పుడు గాయని అదే స్వరాలను మళ్లీ పాడితే శ్రోతలు పెదవి విరిచేవారు. అక్కడ చేయవలసిన అలంకరణ కాగితం మీద ఉండదు. వేగం గురించి ఒకటి రెండు ఇటాలియన్ మాటలు ఉంటాయి, కొన్నిచోట్ల అవీ ఉండవు. ఏ భాగానికి ఎందరు గాయకులన్నది చాలా తరచుగా ఊహకే వదిలివేయబడింది.

తెలుగు పాఠకులకు దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ ఒకటి అందుబాటులో ఉంది. 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో వెలువడిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకు ప్రత్యేక చిహ్నాలు ఏర్పరచి, ఏ స్వరం మీద ఏ గమకం పలకాలో గుర్తించారు. గురుముఖతః నడిచిన సంప్రదాయం చెదిరిపోతుందన్న ఆందోళన ఆ శ్రద్ధ వెనుక ఉంది. హాండెల్‌కు ఆ ఆందోళన లేదు. గాయకులు ఎదుటే ఉన్నారు. హార్ప్సికార్డ్ ముందు తానే కూర్చున్నాడు. రాయనిది చెప్పడానికి మనిషి ఉన్నప్పుడు రాయవలసినది తక్కువ. ఆ మనిషి పోయాక ఆ ఖాళీలన్నీ పరిష్కర్తల పాలయ్యాయి.

కనుక బరోక్ కృతిని ముద్రించే బృందం పాడటానికి ముందే కనీసం నాలుగు విషయాలు తేల్చుకోవాలి: ఏ ప్రతి, ఏ శ్రుతి, ఏ వాద్యాలు, ఎందరు మనుషులు. శ్రుతి సంగతే చూడవచ్చు. నేటి బరోక్ బృందాలలో అధికభాగం సెకనుకు 415 కంపనాల స్వరాన్ని ఆధారశ్రుతిగా తీసుకుంటాయి. ఇది నేటి సాధారణ శ్రుతి అయిన 440 కంటె దాదాపు అర స్వరం తక్కువ. దీన్ని చాలామంది శ్రోతలు బరోక్ శ్రుతి అనే భావిస్తారు. చారిత్రకంగా ఆ యుగంలో శ్రుతి ఊరికొక తీరుగా ఉండేది. ఒకే ఊళ్లో చర్చి ఆర్గన్‌కు ఒక శ్రుతి, వాద్యబృందానికి మరొక శ్రుతి ఉన్న సందర్భాలూ ఉన్నాయి. వేర్వేరు దేశాల వాద్యకారులు కలిసి పనిచేయడానికి 20వ శతాబ్దం చేసుకున్న సౌకర్యమే 415. పాతదనుకున్న దానిలో కొత్తది ఎలా కలుస్తుందో చెప్పడానికి ఇంతకంటె సులభమైన ఉదాహరణ దొరకదు.

అమెరికన్ సంగీతశాస్త్రవేత్త రిచర్డ్ టరస్కిన్ ‘టెక్స్ట్ అండ్ యాక్ట్’ (1995) గ్రంథంలో ఈ ఉద్యమం మీద గట్టి విమర్శ చేశాడు. చారిత్రక ప్రామాణికత పేరుతో వినిపిస్తున్న వేగం, తేలికదనం, నిర్భావుకత నిజానికి 20వ శతాబ్దపు ఆధునికవాద అభిరుచులేనని ఆయన వాదన. ఆ వాదనను గంభీరంగా స్వీకరించి సమాధానం వెతికినవారిలో జాన్ బట్ ఒకడు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో సంగీతాచార్యుడైన బట్ 2002లో ‘ప్లేయింగ్ విత్ హిస్టరీ’ అనే సిద్ధాంత గ్రంథం ప్రచురించాడు. అయిదేళ్ల తరువాత పురస్కారం అందుకున్న ‘మెస్సయా’ను ఆ గ్రంథానికి ప్రయోగరూపంగా వినవచ్చు.

డబ్లిన్ పాఠం:

హాండెల్ 1741 ఆగస్టు 22న ‘మెస్సయా’ మొదలుపెట్టి సెప్టెంబరు 14న ముగించాడు. ఇరవై నాలుగు రోజులు. లండన్‌లో రాసిన ఈ కృతిని ఆయన మొదట వినిపించినది మాత్రం ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో, 1742 ఏప్రిల్ 13న, ఫిషాంబుల్ వీథిలోని సంగీతభవనంలో. అప్పుల వల్ల చెరసాల పాలైనవారి విడుదలకు, రెండు వైద్యశాలల నిర్వహణకు నిధి సేకరించడం ఆ సభ ఉద్దేశం. జనం ఎక్కువగా వస్తారని తెలిసి, స్త్రీలు వెడల్పు చట్రాల పావడాలు ధరించి రావద్దని ముందుగానే విన్నవించారు. సుమారు 700 మంది విన్నారు. వచ్చిన సొమ్ముతో 142 మంది ఋణగ్రస్తులు చెర వీడారు. ఏ సంగీత పురస్కారమూ సాధించలేని ఫలితం ఇది.

పాడినవారు ఎవరు? సెయింట్ పాట్రిక్, క్రైస్ట్ చర్చి కేథడ్రళ్ల గాయకులు. వారితోపాటు నటి సుసన్నా సిబ్బర్, గాయని క్రిస్టీనా మరియా అవోలియో. సెయింట్ పాట్రిక్ కేథడ్రల్ డీన్ మరెవరో కాదు, ‘గలివర్ యాత్రలు’ రచయిత జొనాథన్ స్విఫ్ట్. తన గాయకులు ఇటువంటి సభలో పాడరాదని ఆయన ఒక దశలో అడ్డుచెప్పాడు. చివరకు ఆ అడ్డంకి తొలగింది.

పాఠవిమర్శకు సంబంధించిన అసలు విషయం ఇక్కడే ఉంది. హాండెల్ 1741లో రాసుకున్న స్వహస్తప్రతి, 1742లో డబ్లిన్‌లో వినిపించిన పాఠం ఒకటి కావు. అక్కడ దొరికిన గొంతుల శక్తిని బట్టి ఆయన మార్పులు చేశాడు. తొలి భాగంలో, ప్రభువు వచ్చే దినాన్ని ఎవరు తట్టుకోగలరని ప్రశ్నించే ఆరియా ఒకటుంది. స్వహస్తప్రతిలో అది మంద్రస్థాయి పురుషకంఠానికి రాసిన పూర్తి ఆరియా. డబ్లిన్‌లో దాని స్థానంలోకి చిన్న వచనగానం వచ్చింది. 1750లో గెటానో గ్వడాన్యి అనే ఇటాలియన్ గాయకుడు దొరికినప్పుడు హాండెల్ అదే ఆరియాను ఎగువస్థాయి కంఠానికి, మధ్యలో నిప్పులు చెరిగే వేగంతో తిరగరాశాడు. నేటి సభలలో ఎక్కువగా వినిపించేది ఈ మూడవ రూపమే. ఈ మూడింటిలో ఏది హాండెల్ పాఠం? మూడూ ఆయన చేతివే. మూడూ ఆయన సమ్మతించినవే.

ఆ తరువాతి చరిత్ర ఆయన చేయి దాటింది. 1784లో వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో జరిగిన హాండెల్ స్మారకోత్సవంలో సుమారు 500 మంది పాడి వాయించారు. 1789లో మొజార్ట్ జర్మన్ సాహిత్యంతో, క్లారినెట్లు మొదలైన కొత్త వాద్యాలు చేర్చి దాన్ని మలిచాడు. 1859లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ఉత్సవంలో పాల్గొన్నవారి సంఖ్య వేలకు చేరింది. సరిగ్గా ఒక శతాబ్దం తరువాత థామస్ బీచమ్ తాళవాద్యాలు, తూర్యాలు దట్టించిన ధ్వనిముద్రణ చేశాడు. పండితులు దాన్ని చూసి ముఖం చిట్లిస్తారు గాని, విన్నవారికి దాని ఉత్సాహం మరపురాదు. 1980లో క్రిస్టఫర్ హాగ్‌వుడ్ ఇందుకు పూర్తి భిన్నంగా, లండన్ అనాథబాలల ఆశ్రమమైన ఫౌండ్లింగ్ హాస్పిటల్‌లో 1754 నాటి ప్రదర్శన పాఠాన్ని పునర్నిర్మించి ముద్రించాడు. ఆ ముద్రణతో ‘మెస్సయా’ అనే ఒకే కృతి బదులు, తేదీలతో కూడిన అనేక ‘మెస్సయా’లు శ్రోతల ముందుకు వచ్చాయి.

2007లో గెలిచిన ధ్వనిముద్రణ ఆ దారిలో వచ్చినదే. డజను మందికి అటూ ఇటూగా గాయకులు ఉంటారు. ఆరియాలు పాడే ఏకగాయకులే బృందగానాలలోనూ పాడతారు. దీని ఫలితం వినగానే తెలుస్తుంది. వేయి గొంతుల బృందగానంలో కొట్టుకుపోయే మాటలు ఇక్కడ అక్షరం అక్షరం వినిపిస్తాయి. ఏకగాయకుడు ఒంటరిగా పలికిన విశ్వాసాన్నే మరుక్షణంలో సమూహంలో చేరి పలకడం వల్ల, ఆరియాకు, బృందగానానికి మధ్య ఉన్న గోడ పలచబడుతుంది. సాహిత్యంలో వ్యక్తిస్వరం సామూహికస్వరంగా మారే ఘట్టాలను పరిశీలించినవారు దీని విలువను సులభంగా గుర్తించగలరు. ఈ గుణం దృష్ట్యా పురస్కారం అర్హమైన చోటికే చేరింది.

అయితే జిల్దు మీది మాట, దాన్ని అనుసరించిన ప్రశంస వేరొక ధ్వనిని ఇస్తాయి. తొలి ప్రదర్శన పాఠం గనుక ఇదే అసలు ‘మెస్సయా’ అన్న ధ్వని అది. ఈ ధ్వని రెండు చోట్ల చెదురుతుంది. మొదటిది, డబ్లిన్ పాఠం స్వరకర్త తొలి ఊహ కాదు. అందుబాటులో ఉన్న గాయకులతో ఆయన చేసుకున్న సర్దుబాటు. కవి మనసులోని పద్యం ఒకటి, సభలో గొంతు బొంగురుపోయిన రోజున చదివిన పద్యం మరొకటి అయితే, సభలో చదివినదే ప్రామాణికమని ఏ పరిష్కర్తా వెంటనే ఒప్పుకోడు. రెండవది, డబ్లిన్ బృందగానాల ఎగువస్థాయి స్వరాలు పలికినవారు కేథడ్రళ్ల బాలురు. డనీడిన్ బృందంలో ఆ స్వరాలు వయోజనులైన గాయనులవి. పాఠాన్ని 1742 నుంచి తీసుకొని, కంఠాలను 2006 నుంచి తీసుకున్న మిశ్రమరూపం ఇది. అది దోషం కాదు. మిశ్రమం కాని పాఠం ఎవరికీ సాధ్యం కాదు. ఆ సంగతి నిర్వాహకుడికి తెలుసు, ఆయన గ్రంథమే అందుకు సాక్ష్యం. జిల్దు మీది ఒక్క మాటే దాన్ని మరుగుపరుస్తుంది.

ప్రాచీనతమ ప్రతియే శుద్ధప్రతి అన్న నమ్మకం తెలుగు పరిశోధనకు కూడా కొత్త కాదు. వేమన పద్యాలను సి.పి. బ్రౌన్ 1829లో ఒకసారి, 1839లో మరికొన్ని పద్యాలు చేర్చి ఇంకొకసారి ప్రకటించాడు. రెండు ముద్రణలలో దేన్ని చేతిలోకి తీసుకుంటే ఆ మేరకు వేమన మారతాడు. పాఠకుడికి మాత్రం ఆ మార్పు కవిదిగానే తోస్తుంది, బ్రౌన్‌దిగా తోచదు.

శవపేటిక మీది వాక్యాలు:

2012లో గ్రామఫోన్ ఆ ఏటి మేటి ధ్వనిముద్రణగా ఎంచినది హైన్రిష్ షూట్స్ రచించిన ‘మ్యూజికాలిష్ ఎక్సెక్వియెన్’. దాన్ని పాడిన వోక్స్ లూమినిస్ బెల్జియంలో 2004లో ఏర్పడిన చిన్న గాయకబృందం. దాని వ్యవస్థాపకుడు లియొనెల్ మ్యూనియే నిర్వాహకుడిగా ఎదురుగా నిలబడక, మంద్రస్థాయి గాయకుడిగా వరుసలోనే నిలిచి పాడతాడు. విడుదల చేసిన రిసెర్కార్ కూడా బెల్జియంలోని చిన్న సంస్థే. సింఫనీలు, ఆపెరాలు, పేరుమోసిన పియానో విద్వాంసులు పోటీలో ఉండగా, 1636 నాటి అంత్యక్రియల సంగీతం ముందుకు రావడం ఆ పురస్కారాల చరిత్రలో విశేషమే.

కృతి పుట్టుక గురించి కొంత చెప్పకపోతే ఈ నిర్ణయం బరువు తెలియదు. జర్మనీలోని గేరా ప్రాంతపు పాలకుడు హైన్రిష్ పోస్ట్యూమస్ రాయిస్ తన శవపేటికను బతికుండగానే రహస్యంగా చేయించుకున్నాడు. దాని మీద చెక్కవలసిన బైబిలు వాక్యాలను, కీర్తన చరణాలను తానే ఎంచుకున్నాడు. 1635 డిసెంబరులో ఆయన మరణించాడు. ముప్పై ఏళ్ల యుద్ధం జర్మన్ ప్రాంతాలను కాల్చివేస్తున్న కాలమది. ఆ వాక్యాలకే షూట్స్ స్వరాలు కట్టగా, 1636 ఫిబ్రవరిలో అంత్యక్రియల నాడు వినిపించారు. అంటే ఇక్కడ సాహిత్యం పుస్తకం మీద కాక పేటిక మీద ఉంది. సభికుల కళ్ల ముందు ఆ అక్షరాలు, చెవుల్లో అవే మాటలు, పేటికలో ఆ మాటలను ఎంచుకున్న మనిషి.

మూడు భాగాల ఈ కృతిలో చివరిది రెండు గాయకబృందాలకు రాసినది. మొదటి బృందం ఆర్గన్ దగ్గర ఉండి, వృద్ధుడైన సిమియోను బైబిలులో పలికిన వీడ్కోలు పాడుతుంది. రెండవ బృందంలో ముగ్గురే: ఇద్దరు దేవదూతలు, వారి మధ్య విముక్తి పొందిన ఆత్మ. వీరిని దూరంగా నిలపాలని షూట్స్ సూచించాడు. ఈ దూరం కూడా పాఠంలో భాగమే. స్వరాలకు మాత్రమే పరిమితమైన పరిష్కరణలో అది ఇమడదు. చర్చిలో కూర్చున్న శ్రోతకు ఆత్మ ఎక్కడినుంచి పాడుతున్నదో చటున తెలియదు. రెండు స్పీకర్ల ముందు కూర్చున్న శ్రోతకు దూరం ధ్వని మందగించడంగా మాత్రమే అందుతుంది. వోక్స్ లూమినిస్ బృందం దీన్ని అతిశయపు ప్రతిధ్వనితో కప్పిపుచ్చలేదు. కంపనం తగ్గించిన నిండు గొంతులతో, మాటల విరుపును కాపాడుతూ, దూరాన్ని నిశ్శబ్దం ద్వారా సూచించింది. షూట్స్ ఆశించిన స్థలాన్ని డిస్కు ఇవ్వలేదని ఒప్పుకుంటూనే దాని నీడను చూపిన పరిష్కారం ఇది. చర్చకు తీసుకున్న మూడు నిర్ణయాలలో పురస్కారం అత్యంత లోతుగా విన్నది ఇక్కడేనని చెప్పవచ్చు.

‘ఆ ఏటి మేటి’ అన్న బిరుదు మాత్రం ఈ కృతి పక్కన ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఒక మనిషి చావుకు ఒకేసారి అక్కరకు రావలసిన సంగీతాన్ని ఆపెరాల పక్కన నిలబెట్టి తూకం వేయడంలో ఏదో పొసగదు. అయినా ఆ తూకం లేకపోతే షూట్స్ పేరు సాధారణ శ్రోత చెవిన పడేది కాదు.

సంత కాదన్న ముద్రణ:

2005 నాటి నిర్ణయాన్ని క్లుప్తంగా ప్రస్తావిస్తే చాలు. బాఖ్ మరణించి 250 ఏళ్లయిన సందర్భంలో జాన్ ఇలియట్ గార్డినర్ తన బృందాలతో ఆయన చర్చి కాంటాటాలను, క్రైస్తవ పంచాంగంలో ఏ ఆదివారానికి రాసినవాటిని ఆ ఆదివారమే, యాభైకి పైగా ఊళ్లలో వినిపించాడు. 1999 క్రిస్మసుకు జర్మనీలోని వైమార్‌లో మొదలైన ఈ యాత్ర 2000 చివర న్యూయార్క్‌లో ముగిసింది. ముద్రణలను విడుదల చేయవలసిన పెద్ద రికార్డు సంస్థ కొన్నింటితో సరిపెట్టి తప్పుకుంది. గార్డినర్ సొంతంగా ‘సోలి డియో గ్లోరియా’ సంస్థను స్థాపించి 2005 నుంచి సంపుటాలు వెలువరించాడు. లండన్, జూరిక్ సభల తొలి సంపుటాన్నే గ్రామఫోన్ ఆ ఏటి మేటి ధ్వనిముద్రణగా ఎంచింది. సంత వద్దన్న సరుకును విమర్శ కావాలన్నది. సభాప్రదర్శనకు దగ్గరగా ఉండే ఇటువంటి ముద్రణలో చిన్న చిన్న తడబాట్లు సహజం. వాటిని క్షమించి సందర్భశుద్ధికి, అంటే ఆదివారానికి, ఊరికి, చర్చికి ఉన్న ముడికి విలువ ఇవ్వడం ఆ నిర్ణయంలోని విశేషం. నిర్దోషమైన ధ్వనిని మాత్రమే కోరే న్యాయనిర్ణేతలైతే దీన్ని పక్కన పెట్టి ఉండేవారు.

పరిష్కర్త పేరు:

ఈ మూడు నిర్ణయాలను ఒకచోట చూసినప్పుడు ఒక లోటు కనిపిస్తుంది. పురస్కార ప్రకటనలలో ముందు వరుసలో నిలిచేవి స్వరకర్త, బృందం, నిర్వాహకుడు, రికార్డు సంస్థ పేర్లు. ఏ ప్రతిని ఆధారం చేసుకున్నారు, పాఠాంతరాలను ఎవరు తేల్చారు, లోపించిన చోట్లను ఏ సాక్ష్యంతో పూరించారు అన్నవి లోపలి పుస్తికలో చిన్న అక్షరాలకు పరిమితం. డిస్కును వదిలి ఇంటర్నెట్‌లో నేరుగా వినే అలవాటు పెరిగాక ఆ పుస్తికే శ్రోత కంటపడటం లేదు. పాఠాన్ని ఎంచుకున్నందుకు గౌరవం పొందిన ధ్వనిముద్రణలో, ఆ ఎంపికకు ఆధారమైన పని పేరులేకుండా పోవడం అన్యాయమే. సాహిత్యంలో పరిష్కర్త పేరు లేని ప్రామాణిక ముద్రణను ఏ విశ్వవిద్యాలయమూ పాఠ్యగ్రంథంగా స్వీకరించదు. సంగీత పురస్కారాలకు కూడా ఆ నియమం అవసరం. విజేతతోపాటు ఆధారప్రతి వివరాన్ని ప్రకటించడానికి అదనపు ఖర్చేమీ లేదు.

అటువంటి వివరం ఎంత దూరం తీసుకుపోగలదో చూపడానికి ‘మెస్సయా’ చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. హాండెల్ తన మరణశాసనానికి చేర్చిన అనుబంధంలో, ‘మెస్సయా’ సంపూర్ణ స్వరప్రతిని, గాయకుల, వాద్యకారుల విడి ప్రతులను ఫౌండ్లింగ్ హాస్పిటల్‌కు అప్పగించాలని ఆదేశించాడు. ఆయన మరణానంతరం నకళ్లు రాయించి ఇచ్చారు. అవి నేటికీ లండన్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిలో ఏకగాయకుల విడి ప్రతులు తెరిస్తే, ఆరియాలతోపాటు బృందగానాల స్వరాలు కూడా రాసి ఉంటాయి. ఏకగాయకులు పక్కన కూర్చోక బృందంలో కలిసి పాడేవారనడానికి గట్టి సాక్ష్యం అదే. డనీడిన్ ధ్వనిముద్రణలో అందరూ మెచ్చుకున్న ఆ గుణానికి ఆధారంగా చూపగల కాగితం ఈ విధంగా డబ్లిన్‌ది కాదు, లండన్‌ది. 1742 నాటిది కాదు, హాండెల్ కన్నుమూసిన తరువాతిది.